దారిలో ఒక ఖాళీ

కాశీబుగ్గ. జీడిపప్పు కార్ఖానా మేడ మీద ఆఫీసు గది.
కింద బాయిలర్లో ఉడికే పిక్కల వాసన
మెట్లెక్కి వచ్చి కీబోర్డు మీద కూర్చుంది.
శనివారం సాయంత్రం నాలుగు దాటింది.
కూలి చీటీలు రావడం లేదు.

లెక్క కట్టే ప్రోగ్రాం
పన్నెండేళ్ళ కిందట తవిటినాయుడు రాసింది.
ఎవరెన్ని కిలోలు కొట్టారు, గుండెంత, బద్దెంత,
ఇచ్చినవన్నీ పైసాతో సహా కూడుతుంది.
కూడినదాన్ని లిబ్రె ఆఫీసు చేతిలో పెట్టి
చీటీగా అచ్చు వేయించుకోవాలి.
అక్కడ ఆగిపోతోంది.
"చెప్పిన మార్గం కనబడలేదు" అంటోంది,
అర్జీ చదవకుండా తిప్పి పంపే గుమాస్తాలా.

తెరిచి చూశాను.
రెండువందల పద్నాలుగో వరసలో
గోడకి మేకు కొట్టినట్టు రాసిపెట్టాడు అడ్రసు:
సీ డ్రైవు, తోక ఉన్న ప్రోగ్రామ్ ఫైల్స్,
అందులో ఆఫీసు, పక్కన నాలుగు అంకె.
ఆ కంప్యూటరు పోయిన వానల్లో తడిసి చచ్చిపోయింది.
కొత్తదాంట్లో ఆఫీసు తోక లేని ఫోల్డర్లో కాపురం పెట్టింది.
నాలుగు అంకె ఎప్పుడో రాలిపోయింది.

తోక తీశాను. అంకె తీశాను.
మళ్ళీ అదే మాట.
ప్రోగ్రామ్ అన్నాక చిన్న ఖాళీ ఉంది,
ఆ తరవాతే ఫైల్స్.
అటూ ఇటూ కొటేషన్లు లేకపోతే
యంత్రం ఆ ఖాళీ దగ్గరే కూలబడుతుంది.
సగం పేరు పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతారు!

గుమ్మంలో దాలమ్మ.
జీడి నూనెకి నల్లబడ్డ వేళ్ళు,
హాజరు మిషను ఏనాడూ గుర్తుపట్టని బొటనవేలు.
"ఏటి బాబూ ఎతుకుతున్నావు?"
"ఆఫీసు ఎక్కడుందో దీనికి తెలవట్లేదమ్మా."
"ఆఫీసులోన కూకుని ఆఫీసు ఎతుకుతున్నావేటి!"
మెట్ల మీద ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

నవ్వి, తనే అంది:
"మా ఇంటికి ఉత్తరం రాస్తే
పనసచెట్టు ఎదురుగా అని రాస్తారు.
చెట్టు తుఫానుకి పడిపోనాది.
అయినా పాత పోస్టుమేను తెచ్చి ఇచ్చీవోడు.
ఈ ఏడు కొత్తోడొచ్చేడు.
నా పింఛను కాగితం తిరిగెల్లిపోనాది."

నేనేమీ అనలేదు.
మేకు పీకేశాను.
అడ్రసు చెప్పడం మానేసి
ఇప్పుడెక్కడున్నావని అడగడం నేర్పాను ప్రోగ్రాంకి.
పాత్ జాబితా చివర ఆఫీసు దారి చేర్చాను,
ముందున్న దారికీ దీనికీ నడుమ సెమికోలన్ పెట్టి.
అది మరిచిపోయిన రోజున
రెండు దారులూ కలిసి ఏ ఊరికీ పోని దారి అవుతుంది.
మందసలో ఒక సొసైటీలో రాత్రంతా పడ్డాను దానితో.

నొక్కాను.
కనబడలేదు.

పది నిమిషాలు. సూపర్‌వైజరు వాచీ చూసుకున్నాడు.
కింద ఎవరిదో చంటిపిల్ల ఏడుపు అందుకుంది.
అప్పుడు తట్టింది.
ముందే తెరిచి ఉన్న కిటికీకి
తరవాత మారిన దారి తెలీదు.
దాని మట్టుకు అది పాత లోకంలోనే ఉంటుంది.
అన్నీ మూసి, మళ్ళీ తెరిచాను.

ప్రింటరు ముందు దగ్గింది,
తరవాత ఒకటే గొణుగుడు.
చీటీల మీద చీటీలు, గోరువెచ్చగా.
చెమట తుడుచుకుంటూ కుర్చీలో వెనక్కి వాలాను,
ఇంకెవరైనా మెచ్చుకుంటారేమోనని.

దాలమ్మ తన చీటీ కిటికీ వెలుగులో పట్టి చూసింది.
చదువు రాదు, అంకెలు వచ్చు.
"యాభై ఒకటా? యాభై నాలుగు కొట్టేను బాబూ.
గోడ మీద బొగ్గుతో గీసుకున్నాను, రా సూపిస్తాను."

సూపర్‌వైజరు పుస్తకం మూసి
దాని మీద మోచెయ్యి ఆనించాడు.

తెర వైపు చూశాను.
ఎక్కడా ఏ తప్పూ చూపించడం లేదు.